పక్క సీటు మనిషి

బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూడందే ఆయన మనిషిని పలకరించేవాడు కాదు. మీరు ఎవరైనా సరే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ముందు చెయ్యి పెట్టేవాడు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే ఉంచేవాడు. ఏమాత్రం వెచ్చగా తగిలినా "సల్లారనీండి, రేపు సూద్దాం" అనేసి తన పనిలో పడిపోయేవాడు. బండిని సాయంత్రమే అక్కడ వదిలేసి మర్నాడు పొద్దున్నే రావాలి. చల్లారిన ఇంజిన్‌ని ఆయనే స్వయంగా స్టార్ట్ చెయ్యాలి. అది మొదటి షరతు. రెండో షరతు ఇంకా చిత్రం. వచ్చేటప్పుడు ఆ బండిలో రోజూ మీ పక్కన కూర్చునేది ఎవరో, వాళ్ళని కూడా వెంటబెట్టుకుని రావాలి.

ఈ షరతు గురించి చెప్పుకుని నవ్వుకోని షెడ్డు ఆటోనగర్‌లో లేదు. ఎదురు షెడ్డులో సొట్టలు తీసే అతను వచ్చేపోయేవాళ్ళతో అనేవాడు: "మా మేస్త్రి కాడ బండి బాగుసేయించాలంటే ముందు పెళ్ళి సేసుకోవాలి బావా." మేస్త్రి ఆ మాట విని కూడా విననట్టే ఉండేవాడు. ఆయనకి ఒక పేరుంది, అందరికీ తెలుసు, ఎవరూ దాంతో పిలవలేదు. ఆ వరసలో మేస్త్రి అంటే ఆయనే.

మొన్న బుధవారం ఆ సొట్టలు తీసే అతనే నాకు ఫోన్ చేశాడు.

"మేస్త్రి పోయి తొమ్మిదిరోజులైపోనాది సార్. మీకు ఎవులూ సెప్పలేదేటి?"

ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆయనకి ఏమవుతాను? నాలుగేళ్ళలో ఓ పాతికసార్లు ఆ షెడ్డుకి వెళ్ళి ఉంటాను, అందులో సగం ఏ పనీ లేకుండానే. అయినా ఫోన్ పెట్టేశాక వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాను. మా ఆవిడ పొయ్యి మీంచి పప్పుగిన్నె దించి, గట్టు మీదున్న ఇనప బిళ్ళ మీద పెట్టింది. మధ్యలో పెద్ద కన్నం, చుట్టూ మూడు చిల్లులు ఉన్న ఆ బిళ్ళ ఆయన ఇచ్చిందే. దాన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. యాభై ఆరేళ్ళ మగవాణ్ణి, ఒక మెకానిక్కు కోసం వంటింటి గుమ్మంలో ఏడ్చాను. మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి నా పక్కన నిలబడింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పంతా నాది. ముప్ఫై ఏళ్ళుగా స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్నాను. ఫర్నేసులో వేడి ఎంతుందో, గొట్టాల్లో గ్యాసు ఎంత పోతోందో కొలిచే మీటర్లే నాకు అన్నం పెట్టాయి. అందుకని దేనికైనా నా దగ్గర వివరణ సిద్ధంగా ఉంటుంది. ఈ మధ్య పొద్దునపూట నా చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడుతోందని మా ఆవిడ అంటే, ఈ సెట్టులో కప్పుల అడుగు సమంగా లేదని చెప్పాను. అంత ఘటికుణ్ణి.

యాభై దాటాక మగాళ్ళకి ఏదో ఒక పిచ్చి పడుతుంది. కొందరికి యోగా, కొందరికి తీర్థయాత్రలు, నాకు మా పాత పెట్రోలు కారుకి ట్యూనింగ్. కంపెనీ ఇచ్చిన పొగగొట్టం తీయించేసి, కావలసిన వంపులతో కొత్త గొట్టాలు వెల్డింగ్ చేయించాను. ఇంజిన్ కంప్యూటర్లో లెక్కలు మార్పించాను. బండికి ఊపొచ్చింది. కూర్మన్నపాలెం జంక్షన్లో పచ్చలైటు పడితే, నా వయసు మర్చిపోయి ముందుకి దూకేవాణ్ణి.

గొడవ అక్కడ మొదలైంది. ఇంజిన్లో పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటరు లెక్కకడుతుంది. కాలిన పొగ బయటికి పోయే గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది పొగలో మిగిలిన గాలిని రుచి చూసి, పెట్రోలు తక్కువైందనో ఎక్కువైందనో కబురు పంపుతుంది. కంప్యూటరు దాన్నిబట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. పులుసు రుచి చూసుకుంటూ ఉప్పు సరిచేసుకోవడం లాంటిదే. ఈ పద్ధతిని క్లోజ్డ్ లూప్ అంటారు, ఆ సవరింపుని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఆ సవరింపు రెండు మూడు శాతం అటూఇటూ ఊగితే ఫరవాలేదు. నా బండిలో అది పొద్దున్నే ఇరవై శాతం పైకి లేచేది, దభీమని కిందికి పడేది, మళ్ళీ లేచేది. పావుగంట పోయాక తనంతట తానే సర్దుకునేది.

మా ఆవిడకి తలనొప్పి మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. గాజువాకలో ఒక చిన్నపిల్లల బడిలో టీచరు తను. నేను డ్యూటీకి పోతూ దింపేవాణ్ణి. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా వీధిలోనే ఉంచి, బండి కంప్యూటరు ఫోన్‌కి పంపే ట్రిమ్ గీతలు చూస్తూ బయట నిలబడేవాణ్ణి. ప్లాంటు నుంచి వచ్చే నల్లధూళి పడుతుందని అద్దాలెత్తుకుని ఆవిడ లోపల కూర్చునేది. బయల్దేరాక నా వైపు అద్దం సగం దించి నడపడం నాకు అలవాటు.

"ఏమండీ, ఈ బండెక్కితే తల దిమ్ముగా ఉంటోంది" అంది ఒకరోజు.

కళ్ళజోడు మార్చమన్నాను. పాపం, మార్చింది. తగ్గలేదు. కడుపులో తిప్పుతోందంటే, మంచిగాలి వస్తుందని, ఏసీని బయటిగాలి లోపలికి లాగేలా పెట్టాను. ఇంకా ఎక్కువైంది. వారానికి రెండుమూడు రోజులు బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. బస్సులో వెళ్తే తలనొప్పి రావట్లేదని చెప్పింది. బస్సులో కబుర్లు చెప్పేవాళ్ళుంటారు కదా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మూడు నెలలు బండితో కుస్తీపట్టాను. కొత్త సెన్సర్ వేశాను. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగించాను. ఇంజిన్లోకి గాలి వెళ్ళే పైపులన్నీ పొగ పెట్టి వెతికించాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి ఇన్‌స్ట్రుమెంట్ మనిషి చెయ్యకూడని పని చేశాను. పెట్రోలు తక్కువైందని సెన్సర్ అదే పనిగా మొత్తుకుంటోంది గనక, అసలు లెక్కలోనే పెట్రోలు పెంచేశాను. ఆపైన సవరింపు ఎనిమిది శాతం దాటకుండా కట్టేశాను. గీత చదునుగా వచ్చింది. ఆ సాయంత్రం కోవా కొనుక్కుని ఇంటికెళ్ళాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న మా ఆవిడ బడి గేటు దగ్గర కారు దిగి, రెండడుగులు వేసి, గోడ పట్టుకుని కూలబడిపోయింది. మొహం పాలిపోయింది. పిల్లలు చుట్టూ మూగారు. సాయంత్రం డాక్టరు బీపీ చూశాడు, సుగరు చూశాడు, అంతా బాగానే ఉంది, విశ్రాంతి కావాలన్నాడు. ఆమెకేదో పెద్దజబ్బు వచ్చిందని, ఆ జబ్బు పేరు ఎవరూ చెప్పలేకపోతున్నారని భయం. ఇంత భయంలోనూ నా బుర్రలో ఆవిడ సంగతి వేరు, కారు సంగతి వేరు. కారు పెట్రోలు తాగేస్తోందని, వెనక నల్లపొగ వస్తోందని ఆటోనగర్ తీసుకెళ్ళాను. ఆ సొట్టలు తీసే అతను ఎదురు షెడ్డు చూపించాడు.

మేస్త్రి బానెట్ మీద చెయ్యి పెట్టి తీశాడు. "రేపు సూద్దాం. పక్క సీటోలని తెండి."

"మా ఆవిడ రాలేదు. ఒంట్లో బాగాలేదు" అన్నాను.

అప్పుడు మొదటిసారి నా మొహం చూశాడు. "ఏటైంది?"

"తలనొప్పి. మొన్న కళ్ళు తిరిగి పడిపోయింది."

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ వైపు తలుపు తీసి, లోపలికి వంగి వాసన చూశాడు. మళ్ళీ మూశాడు.

"రేపు తప్పకండా తెండి సార్. ఆటోలో తెండి. ఈ బండి ఎక్కించకండి."

మర్నాడు వెళ్ళేసరికి షెడ్డు నీడలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. ఆ షెడ్డులో గ్రీజు అంటనిది అదొక్కటే. భుజం మీద తువ్వాలుతో దాన్ని ఇంకోసారి తుడిచి మా ఆవిడని కూర్చోమన్నాడు. ఫ్యాను అటు తిప్పాడు. తను నూనె డబ్బా బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో పనిముట్టు ఏదీ లేదు.

"సెప్పండమ్మా. మొదట్నుంచి సెప్పండి."

నేను అందుకున్నాను. క్లోజ్డ్ లూప్‌లోకి వెళ్ళగానే ట్రిమ్ ఎలా ఊగుతోందో, ఏమేం మార్చానో. ఆయన నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తాడు. ట్రాఫిక్ పోలీసు లారీని ఆపినట్టు ఆపేశాడు.

మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున స్టార్ట్ చెయ్యగానే తన కాళ్ళవైపు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తుందట, గ్యాసు లైటరు నొక్కినట్టు. హైవే ఎక్కేసరికి ఆగిపోతుందట. చప్పుడున్నంతసేపూ తల బరువెక్కుతుందట. ఎండ బాగా ఉన్నరోజు చప్పుడు తొందరగా ఆగుతుంది, వానరోజు ఆలస్యం. అద్దం దించిన రోజు తలనొప్పి తక్కువ. బయటిగాలి మీట నొక్కాక ఎక్కువ. బస్సురోజు అసలు లేదు. నేను వీధిలో ఫోన్ చూసుకుంటూ ఎక్కువసేపు నిలబడిన రోజు అన్నిటికంటే ఎక్కువ. ఏ వారం ఎలా ఉందో కూడా చెప్పింది. నా దగ్గర మూడు నెలల గ్రాఫులున్నాయి. ఆవిడ దగ్గర ఒక్క కాగితం లేకుండా అంతకంటే మంచి రికార్డు ఉంది. ఇందులో ముప్పాతిక భాగం నేను వినడం అదే మొదటిసారి. మిగతా పావు ముందే చెప్పింది, నేనే వినలేదు.

మేస్త్రి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా అయ్యాక లేచి, కంప్రెసర్ గాలిగొట్టం తెచ్చి, బండి వెనక పొగగొట్టంలో పెట్టి చుట్టూ గుడ్డ కుక్కాడు. విన్నది చాలనుకున్నాడేమో, ఇంజిన్ స్టార్ట్ చెయ్యనేలేదు. మగ్గులో సబ్బునీళ్ళు కలిపి, పెయింటు బ్రష్షుతో గొట్టాల అతుకుల మీద పూసుకుంటూ పోయాడు. ఇంజిన్ వెనకాల, మా ఆవిడ కాళ్ళుండే చోటికి దగ్గర్లో, నేను చేయించిన వెల్డింగు దగ్గర బుడగలు లేచాయి. సన్నటి పగులు, వెంట్రుకంత ఉంటుంది.

నేను ముందుకి వంగాను. ఆయన నన్ను పక్కకి జరగమని మా ఆవిణ్ణి పిలిచాడు. "రండమ్మా, సూడండి. మీరు సెప్పింది ఇదే."

తర్వాత నాకు చెప్పాడు. ఇనుము చల్లగా ఉన్నప్పుడు పగులు తెరుచుకుంటుంది, కాగి ఉబ్బితే మూసుకుంటుంది. తెరుచుకున్నంతసేపూ పొగ బయటికి పోయి, ఏసీ లాగే గాలితో కలిసి బండిలోకి వస్తుంది; పొగ తోపుకీ తోపుకీ మధ్య బయటిగాలి గొట్టంలోకి దూరుతుంది. సెన్సర్ ఆ గాలిని రుచి చూసి పెట్రోలు చాల్లేదంటుంది. కంప్యూటరు పోస్తుంది. పగులు కాస్త మూసుకోగానే ఎక్కువైందంటుంది. కంప్యూటరు తగ్గిస్తుంది.

"సెన్సరు అబద్దం ఆడలేదు సార్. దానికాడికి వచ్చిందే సెప్పింది. మీరంతా దాన్నే అనుమానించినారు."

నేను ఉండబట్టలేక, పెట్రోలు లెక్క పెంచిన సంగతి, సవరింపు కట్టేసిన సంగతి చెప్పేశాను. ఆయన బ్రష్షు మగ్గులో పెట్టాడు.

"సగం కాలిన పెట్రోలు పొగది. ఇసం. అద్దాలెత్తుకుని ఈవిడ రోజూ అదే పీల్సింది. అది అరుస్తంటే మీరు నోరు మూసీసినారు." గొంతు పెంచలేదు. "పోనీ అది యంత్రం. ఈవిడ కూడా సెప్పింది కదేటి?"

"చెప్పింది" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో వివరణ జోడించకుండా నేను ఒప్పుకోవడం బహుశా అదే మొదటిసారి. ఇంకో నెల అలాగే తిప్పి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ రాత్రుళ్ళు వస్తుంది. మా ఆవిడ మాత్రం నావైపు చూడకుండా ఆ బుడగలనే చూస్తూ నిలబడింది.

పగులున్న చోట గొట్టాల్ని కలిపే ఇనప బిళ్ళని కోసేసి, కొత్త బిళ్ళ వేసి, సాయంత్రానికి వెల్డింగు చేయించాడు. కోసి తీసిన పాత బిళ్ళని గోనెగుడ్డతో శుభ్రంగా తుడిచి మా ఆవిడ చేతికిచ్చాడు. అదీ ఆయన పద్ధతే. తీసిన సామాను యజమానికి ఇవ్వడు, చెప్పిన మనిషికి ఇస్తాడు. "ఇది మీది" అన్నాడు. అది ఇంటికొచ్చి, వేడిగిన్నెల కింద కుదురైంది.

నేను పాత లెక్కలు మళ్ళీ ఎక్కించుకున్నాను. గీత రెండు శాతం అటూఇటూ బుద్ధిగా ఊగింది. అయిదో రోజు పొద్దున్న బండిలో అడిగాను, తలనొప్పి ఎలా ఉందని. "రెండోరోజే పోయింది. మీరెప్పుడు అడుగుతారో చూద్దామని ఊరుకున్నాను" అంది.

అప్పట్నుంచి షెడ్డుకి ఊరికే వెళ్ళడం అలవాటైంది. ఎర్రకుర్చీలో కూర్చునే మనుషుల్ని చూడ్డానికే వెళ్ళేవాణ్ణి. ఆనందపురం నుంచి ఒకాయన పూలు వేసుకొచ్చే వ్యాను తెచ్చాడు, పక్క సీటులో కూర్చునే వాళ్ళమ్మని తెచ్చాడు. ఆ ముసలావిడ కొడుకు మీద అరగంట చాడీలు చెప్పింది, బండి మీద ఒక్కమాట చెప్పింది. మేస్త్రి మొత్తం విన్నాడు, ఆ ఒక్కమాట పట్టుకుని గేరు బాక్సు విప్పాడు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఆ కుర్చీ దగ్గరే పోట్లాడుకుంది. ఒక టాక్సీ డ్రైవరు వచ్చి, నా పక్క సీటులో రోజుకో మనిషి కూర్చుంటాడు, ఎవర్ని తేను అన్నాడు. మేస్త్రి షెడ్డు మూసి, తనే ఆ సీటులో కూర్చుని, కళ్ళు మూసుకుని, కూర్మన్నపాలెం దాకా వెళ్ళొచ్చాడు. ఆ రోజు సొట్టలు తీసే అతను కూడా నవ్వలేదు.

ఈ పద్ధతి ఎక్కడిదని ఒకసారి అడిగాను. ఆయనది సముద్రం మీద బతికే ఇల్లు. కుర్రతనంలో వేటబోటులో ఇంజిన్ దగ్గర ఉండేవాడు.

"కింద ఇంజిన్ గదిలో ఉన్నోడికి ఇంజిన్ సంగతి తెల్దు బావా." అప్పటికి నన్ను సార్ అనడం మానేశాడు. "ఆ సప్పుడికి సెవులు దిమ్మెక్కిపోతాయి, అలవాటైపోతాది. పైన వల కాడున్నోడు పొగ రంగు సూసి అరుస్తాడు, ఏటో తేడాగున్నాదిరా అని. ఒకపాలి మా సిన్నాయన అలాగే అరిసినాడు. నాను ఇంజినోడ్ని, నీకేటి తెల్సన్నాను. నడిసంద్రంలో ఆగిపోనాది. రెండ్రోజులు. తాగడానికి నీల్లు లేవు."

ఆ చిన్నాయన ఏమయ్యాడని నేను అడగలేదు. ఆయన పానా అందుకుని బండి కిందికి దూరిపోయాడు.

ఫోన్లో నా గీతలు చూడ్డం మాత్రం ఆయనకి సరదా. చిన్నప్పుడు మానేసిన చదువు, అంకెలు తప్ప అక్షరాలు పెద్దగా రావు. అయినా గీత ఎగిరినచోట వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ అరుస్తంది" అనేవాడు. ఆ వేలు ఎప్పుడూ తప్పుచోట పడలేదు.

పెద్దకర్మ రోజు మేమిద్దరం వెళ్ళాం. ఒడ్డునున్న పేటలో రెండు గదుల ఇల్లు, ముందు పందిరి. షెడ్డు ఖాళీ చేసినట్టున్నారు, పనిముట్ల పెట్టెలు గోడవార ఉన్నాయి, వాటి పక్కన ఎర్రకుర్చీ. జనం చాలామంది ఉన్నారు గానీ అందులో ఎవరూ కూర్చోలేదు. ఆయన భార్య గుమ్మం పక్కన చాప మీద కూర్చుని ఉంది. సొట్టలు తీసే అతను మమ్మల్ని చూపించి ఎవరమో చెప్పాడు.

మా ఆవిడ వెళ్ళి చాప మీద ఆమె పక్కన కూర్చుంది. ఏమైందమ్మా అని మెల్లగా అడిగింది.

"గుండె జబ్బంటన్నారమ్మా. పొద్దున్న లెగిసినప్పుడే వచ్చీది ఆయాసం. గుమ్మం పట్టుకుని నిలబడీవోడు. టీ తాగీసి నాలుగడుగులేస్తే సర్దుకునీది. మూడు నెల్లు సూసినాను. డాట్రు కాడికి ఎల్దాం అన్నాను. రాత్రి ఒల్లు పట్టీసినాది, తిరిగితే ఒదిలిపోతాది, నీకేటి తెల్సు అనీవోడు."

చల్లగా ఉన్నప్పుడే లోపం బయటపడుతుందని, వేడెక్కితే దాక్కుంటుందని నాకు నేర్పిన మనిషి. ప్రతి బండినీ రాత్రంతా చల్లార్చి, పొద్దున్నే చెయ్యి పెట్టి చూసిన మనిషి. నాకు ఆయన మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద, ఆయన ఇంటి పందిరి కిందే నిలబడి, పట్టలేనంత కోపం వచ్చింది.

"అందర్నీ కుర్సీలో కూకోబెట్టి అడిగీవోడంట కదా" అందామె. "పొద్దున్నుంచీ వచ్చినోలు వచ్చినట్టు అదే సెప్తన్నారు. నాను ఇంటన్నాను. మాకు కారేటమ్మా, స్కూటరు. ఎనకాల కూకునీదాన్ని. నన్ను ఎప్పుడూ అడగలేదు."

మా ఆవిడ లేచింది. గోడవార ఉన్న ఎర్రకుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, గుమ్మం పక్కన వేసింది. ఆమె చెయ్యి పట్టుకుని లేపి అందులో కూర్చోబెట్టింది. తను ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఇంకా ఏమేం చూశావమ్మా?" అంది.

ఆమె మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. మెట్లెక్కేటప్పుడు ఎక్కడ ఆగేవాడో, ఏ పక్కకి తిరిగి పడుకుంటే దగ్గొచ్చేదో, అన్నం ఎన్ని ముద్దలు తగ్గించాడో, కాళ్ళు ఏ నెలలో వాచాయో. గంట పైగా చెప్పింది. పందిట్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సొట్టలు తీసే అతను మొహం అటు తిప్పుకున్నాడు. అవన్నీ ఇప్పుడు ఎందుకూ పనికిరావని అక్కడున్న అందరికీ తెలుసు, ఆమెకి కూడా తెలుసు. అయినా ఎవరూ ఆపలేదు.

తిరుగు ప్రయాణంలో పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీల వెనకాల మెల్లగా వెళ్తున్నాం. బండి బాగానే నడుస్తోంది, ఏ చప్పుడూ లేదు. మా ఆవిడ అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది.

"ఏమండీ" అంది. "ఆ కప్పు సంగతి."

"ఏ కప్పు?"

"కప్పుల సెట్టు బాగానే ఉంది. నేను అదే సెట్టులో తాగుతున్నాను. నాది చప్పుడు చెయ్యట్లేదు."

స్టీరింగు మీద, పొద్దున సాసర్ పట్టుకునే నా ఎడమ చెయ్యి వంక చూసుకున్నాను. అప్పుడు మామూలుగానే ఉంది. పొద్దున్నపూట చలికి అలా అవుతుందని, డ్యూటీ షిఫ్టులు మారితే నిద్ర చాలదని, నాలిక చివరిదాకా వచ్చింది. లారీలు పోనిచ్చి, బండి రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఏసీ కట్టేశాను. తాళం తిప్పి ఇంజిన్ కూడా ఆపేశాను.

ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"మొదట్నుంచి చెప్పు" అన్నాను.